పాత స్పేర్ స్విచ్‌ను నడుస్తున్న నెట్‌వర్క్‌కు కలపాలి, ముందు ఏం చూసుకోవాలి?

మిర్యాలగూడ_మిల్లు:
అన్నలకు నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు, కెమెరాలు, నెట్‌వర్క్ నేనే చూసుకుంటాను. ఆఫీసులో ఒక మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది), కాంటా గదిలో ఇంకొకటి ఉన్నాయి, రెండూ సిస్కోవే. పెట్టినాయన మూడు వీల్యాన్లు (ఒకే స్విచ్‌లో విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) చేసి వెళ్లాడు: ఆఫీసుకు 10, కెమెరాలకు 20, కాంటాకు 30. ఇప్పుడు బాయిలర్ వైపు 6 కెమెరాలు, వడ్ల తేమ చూసే గదిలో ఒక కంప్యూటర్ కొత్తగా వస్తున్నాయి. మా సేటు నల్లగొండ ఆఫీసులో పక్కన పడి ఉన్న 24 పోర్టుల సిస్కో 2960 స్విచ్ ఒకటి పంపించి, వైరు పెడితే అయిపోతుంది కదా అంటున్నారు. అమీర్‌పేటలో మూడు నెలలు సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్క్ కోర్సు) నేర్చుకున్నాను కానీ నడుస్తున్న నెట్‌వర్క్ మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. వానాకాలం వడ్లు మొదలయ్యాయి, కాంటా ఒక్క గంట ఆగినా లారీలు రోడ్డు దాకా నిలబడతాయి, అందుకే టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_ల్యాబ్:
తమ్ముడూ, అడిగి మంచి పని చేశావు. ఆ స్విచ్‌ను ఇప్పుడే నెట్‌వర్క్‌కు పెట్టొద్దు. పాతది కాబట్టి దాని లోపల పాత కాన్ఫిగ్ ఇంకా ఉంటుంది, నేను దెబ్బ తిన్నది అక్కడే. మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో పనిచేసేటప్పుడు ల్యాబ్‌లో ప్రాక్టీసుకు వాడిన స్విచ్ తెచ్చి ట్రంక్ పోర్టుకు (అన్ని వీల్యాన్లూ కలిసి వెళ్లే పోర్టు) పెట్టాను, నిమిషం తిరగకముందే అన్ని బ్లాకుల్లో నెట్ పోయింది. వీటీపీ అంటే సిస్కో స్విచ్‌లు వీల్యాన్ లిస్టును తమలో తాము పంచుకునే పద్ధతి. దాని డొమైన్ (గ్రూపు) పేరు రెండు వైపులా ఒకటే, పాస్‌వర్డ్ ఏమీ లేదు, ల్యాబ్ స్విచ్ రివిజన్ నంబరు (లిస్టు మారినప్పుడల్లా పెరిగేది) ఎక్కువ. వీటీపీ వెర్షన్ 1, 2లలో ఎవరి నంబరు పెద్దదైతే వాళ్ల వీల్యాన్ లిస్టే అందరూ తీసుకుంటారు, క్లయింట్ మోడ్‌లో (లిస్టు తీసుకోవడమే తప్ప చేత్తో మార్చలేని మోడ్) ఉన్న స్విచ్ తెచ్చి పెట్టినా ఇంతే. మా వీల్యాన్లు ఆ లిస్టులో లేవు కాబట్టి చెరిగిపోయాయి, వాటిలో ఉన్న పోర్టులన్నీ పడిపోయాయి. పోర్టుల కేటాయింపు మాత్రం కాన్ఫిగ్‌లో అలాగే ఉంటుంది, వీల్యాన్లు మళ్లీ చేయగానే లేచాయి, కానీ ఆ విషయం అర్థమయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ఆగిపోయింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కన్సోల్ కేబుల్‌తో, (ల్యాప్‌టాప్ నుంచి స్విచ్ సెట్టింగుల్లోకి వెళ్లే వైరు) 9600 స్పీడుతో, ఒంటరిగా టేబుల్ మీద పెట్టి తెరువు. షో వీటీపీ స్టేటస్ కమాండ్ కొట్టి డొమైన్, రివిజన్ చూడు. తర్వాత కాన్ఫిగ్ చెరిపే రైట్ ఎరేజ్ ఒక్కటి కొట్టి ఊరుకోవద్దు, చాలామంది పొరపాటు ఇక్కడే. వీల్యాన్ల సమాచారం ఫ్లాష్‌లో వీల్యాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైల్లో ఉంటుంది, దాన్ని కూడా డిలీట్ చేసి రీలోడ్ చెయ్. లేచాక ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో (వీటీపీలో ఇతరుల లిస్టు తీసుకోని మోడ్) పెట్టు, రివిజన్ సున్నా అవుతుంది. ఆ మోడ్‌లో వీల్యాన్లు వాటంతట అవి రావు, 10, 20 చేత్తో చేసుకోవాలి. మేనేజ్‌మెంట్ ఐపీ (స్విచ్‌లోకి నెట్‌వర్క్ మీద నుంచి వెళ్లే అడ్రస్) కూడా కొత్తది ఇవ్వు, మీ దగ్గర ఇంకెవరికీ లేనిది.

కోదాడ_కేబుల్:
కాన్ఫిగ్ సంగతి అన్న చెప్పారు, నేను వైరు సంగతి అడుగుతాను. బాయిలర్ దాకా ఎంత దూరం? రాగి కేబుల్ 100 మీటర్ల వరకే, క్యాట్ 6 అయినా అంతే. మిల్లుల్లో రెండు షెడ్ల మధ్య నేనైతే దగ్గరైనా ఫైబరే లాగుతాను, మోటార్ల వల్ల సిగ్నల్ చెడే గోల ఉండదు, ఎండాకాలం ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ఆ దారిలో కరెంటు పాకి స్విచ్‌లు కాలిపోవు. మోడల్ నంబరు చివర చూడండి, 24టీటీ అని ఉంటే ఎస్ఎఫ్‌పీ స్లాట్ (ఫైబర్ పెట్టే చోటు) ఉండదు, ఫైబర్‌ను రాగికి మార్చే మీడియా కన్వర్టర్ కొనాలి, 24టీసీ అయితే ఉంటుంది. ఆ రెండింటిలోనూ పీఓఈ (నెట్ వైరులోనే కరెంటు ఇవ్వడం) లేదు కాబట్టి కెమెరాలకు ఇంజెక్టర్లో, వేరే చిన్న పీఓఈ స్విచ్చో కావాలి. ఊక దుమ్ము పడకుండా తలుపున్న ర్యాక్‌లో పెట్టండి.

మిర్యాలగూడ_మిల్లు:
దూరం 130 మీటర్ల పైనే అన్నా, మోడల్ టీసీ. కాంటా నెట్‌వర్క్ అసలు కదలకుండా పెట్టడానికి దారి ఉందా?

పాలమూరు_ల్యాబ్:
రెండు చూసుకో. మొదటిది స్పానింగ్ ట్రీ, అంటే స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే పద్ధతి. అన్నీ 32768 ప్రయారిటీలోనే వదిలేసి ఉంటే మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ నంబరు) చిన్నగా ఉన్నదే రూట్ అవుతుంది, పాత స్విచ్‌లకు చాలాసార్లు చిన్నదే ఉంటుంది. అప్పుడు బాయిలర్ దగ్గరి స్విచ్ మొత్తం నెట్‌వర్క్‌కు పెద్ద అవుతుంది. పాత స్పానింగ్ ట్రీలో ఒక పోర్టు లేవాలంటే 15, 15 కలిపి 30 సెకన్లు పడుతుంది. ఆఫీసు స్విచ్‌కు ముందే 4096 ఇచ్చి ఉంచు, చిన్న ప్రయారిటీదే రూట్ అవుతుంది. రెండోది, ఇప్పటికే వాడుతున్న ట్రంక్ మీద అలౌడ్ వీల్యాన్ కమాండ్ (ఆ దారిలో ఏ వీల్యాన్లు వెళ్లాలో చెప్పేది) కొట్టేటప్పుడు యాడ్ అనే మాట మరిచిపోవద్దు, అది లేకపోతే పాత లిస్టు పోయి నువ్వు రాసిందొక్కటే మిగులుతుంది. కొత్త ట్రంక్‌లో 30 ఇవ్వకు, అక్కడ దాంతో పనిలేదు కదా. ఇదంతా కాంటా మూసిన తర్వాత రాత్రి చెయ్.

మిర్యాలగూడ_మిల్లు:
ఆదివారం రాత్రి చేశాను. స్పేర్ స్విచ్‌లో రివిజన్ 87, మా దాంట్లో 14. నల్లగొండ ఆఫీసుకూ మా మిల్లుకూ పెట్టింది ఒకరే కావడంతో డొమైన్ పేరు కూడా అదే. స్క్రీన్ మీద ఆ నంబరు చూసి చేతులు చల్లబడ్డాయి. అన్నీ చెరిపి, మీరు చెప్పినట్టే పెట్టి, ఫైబర్ కలిపాను. 6 కెమెరాలూ కనిపిస్తున్నాయి, పొద్దున 6కు కాంటా మామూలుగా మొదలైంది. అన్నలిద్దరికీ చాలా థ్యాంక్స్.

పాలమూరు_ల్యాబ్:
సంతోషం తమ్ముడూ. కాన్ఫిగ్ సేవ్ చేసే రైట్ మెమరీ కొట్టావా? కొట్టకపోతే ఇప్పుడే వెళ్లి కొట్టు, కరెంటు ఒక్కసారి పోయి వస్తే సేవ్ చేయని సెట్టింగులు పోతాయి. మూడు స్విచ్‌ల కాన్ఫిగ్ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి సేటు బీరువాలో పెట్టించు.