అమెరికాలో మందుల కంపెనీలు కట్టిన డబ్బుతో మత్తు బిళ్ళలకి అలవాటు పడ్డవాళ్ళకి ఊళ్ళోనే సాయం చేస్తున్నారంట, మన చీమకుర్తిలో అలాంటిది కుదురుతుందా?

చీమకుర్తి_అక్క:

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా తమ్ముడు ఇక్కడే గ్రానైట్ క్వారీలో చేసేవాడు. మూడేళ్ళ కింద నడుముకి దెబ్బ తగిలితే ట్రమడాల్ అనే నొప్పి బిళ్ళలు రాశారు, నెలకని రాసినవి ఆగలేదు, పాత చీటీ చూపించి తెచ్చుకునేవాడు, తర్వాత చీటీ అడగడం కూడా మానేశారు ఇచ్చేవాళ్ళు. మాకు తెలిసేసరికి రోజుకి పది దాకా వెళ్ళిపోయాడు. అర్ధరాత్రి లుంగీ మడతలోంచి స్ట్రిప్పు తీసి చిటుక్కుమనిపిస్తే గోడవతల మా అమ్మ లేచి కూర్చునేది. వాడే రెండు సార్లు ఆపాలని చూశాడు. ముక్కు కారడం, ఆగకుండా ఆవులింతలు, కాళ్ళు లాగేస్తున్నాయని తెల్లార్లూ మంచం పట్టెకేసి కొట్టుకోవడం, చూడలేక మేమే తెచ్చిచ్చాం.

పోయినేడు అప్పు చేసి ఒక ప్రైవేటు సెంటర్లో నెల పెట్టాం. వచ్చేటప్పుడు బానే ఉన్నాడు, కానీ చేతిలో ఒక చీటీ పెట్టి పంపారంతే, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పలేదు, ఒక్క ఫోను లేదు. నలభై రోజులకి మళ్ళీ మొదలు.

మా చిన్నమ్మ కూతురు ఒహాయోలో ఉంటది. వాళ్ళ దగ్గర కంపెనీల సెటిల్‌మెంట్ డబ్బుతో, సెంటర్ నుంచి వచ్చినోళ్ళ ఇంటికి మనిషి వెళ్ళి చూసొస్తాడంట, ఆ మనిషి కూడా ఒకప్పుడు అలవాటులో ఉండి బయటపడినవాడేనంట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ డబ్బు ఎలా వచ్చింది, ఎవరు ఖర్చు పెడతారు, మన దగ్గర అలాంటి డబ్బు ఎక్కడన్నా ఉందా? తెలిసినోళ్ళు చెప్పండి.

ఆత్మకూరు_కొలంబస్:

అక్కా, మాది ఆత్మకూరు, ఇక్కడ ఒహాయోలో పదేళ్ళుగా ఉండా. మీ తమ్ముడి కథ ఇక్కడ ఇంటింటి కథే. 1996లో పర్డ్యూ ఫార్మా అనే మందుల కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నొప్పి బిళ్ళ తెచ్చి, అలవాటు పడే భయం తక్కువని డాక్టర్లని నమ్మించి అమ్మింది, ఆ తర్వాత బిళ్ళలు దొరక్క హెరాయిన్‌కి పోయినోళ్ళు, ఫెంటనిల్ అనే ఇంకా బలమైన మత్తుతో చనిపోయినోళ్ళు, ఇట్లా ఊళ్ళకి ఊళ్ళే దెబ్బతిన్నాయి. రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) కోర్టుకెక్కాయి. 2021లో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు డిస్ట్రిబ్యూటర్ కంపెనీలు 18 ఏళ్ళలో 21 బిలియన్ డాలర్ల దాకా, జాన్సన్ అండ్ జాన్సన్ 5 బిలియన్ల దాకా కట్టేదానికి ఒప్పుకున్నాయి, తర్వాత పెద్ద మెడికల్ షాపులోళ్ళు కూడా. అన్నీ కలిపితే 50 బిలియన్లు దాటింది.

ఈ 2021 ఒప్పందంలో కనీసం 85 శాతం ఈ నష్టాన్ని బాగుచేసే పనులకే పెట్టాలని రాసుకున్నారు. ఎందుకంటే 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలకి పాతికేళ్ళలో 206 బిలియన్లు ఇస్తామంటే అందులో చాలా భాగం రోడ్లకీ బడ్జెట్ లోటుకీ పోయింది. ఒహాయోలో అయితే 30 శాతం స్థానిక ప్రభుత్వాలకి, 15 శాతం రాష్ట్రానికి, మిగతా 55 శాతం వన్ ఒహాయో అనే ఫౌండేషన్‌కి. రాష్ట్రాన్ని 19 ప్రాంతాలు చేశారు, ఏ ప్రాంతానికి ఏం కావాలో అక్కడోళ్ళే చెప్పాలని.

ఇక్కడా అంతా సక్రమంగా ఏం లేదక్కా. కొన్ని చోట్ల పోలీసు కార్లకి, సామాన్లకి పెట్టేశారు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు మీటింగుల్లో లేచి నిలబడి అడగాల్సొచ్చింది. డబ్బు రావడం సగం పనే, అది మనిషి గడప దాకా రావాలంటే ఎవరో ఒకరు దాని వెంట పడాల.

ఒంగోలు_రవి:

మేడమ్, కోర్టు సెటిల్‌మెంట్ లాంటిది మన దగ్గర లేదు కానీ మీ ఊరి పేరు చూసి రాస్తున్నా. గెలాక్సీ గ్రానైట్ లోడు కదిలిందంటే సీనరేజీ (రాయి తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) కడతారు, దాంతో పాటు జిల్లా మినరల్ ఫౌండేషన్‌కి కూడా వాటా కట్టాలి. 2015లో చట్టం మార్చి పెట్టిన ఫండు అది, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళ కోసమే. అప్పటి రూల్స్ ప్రకారం కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి ముఖ్యమైన వాటికే పెట్టాలి. క్వారీలో నడుం విరగ్గొట్టుకుని బిళ్ళలకి పడ్డోడి వైద్యం ఆరోగ్యం కాకపోతే ఇంకేంటండీ? బిల్డింగు అడగొద్దు, కడితే తాళం పడుద్ది. ఇద్దరి జీతం అడగండి, మీ పీహెచ్‌సీలో ఒక నర్సు, బయటపడినోడు ఒకడు, వారానికోసారి ఇళ్ళకి వెళ్ళడానికి. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, గ్రామసభలో తీర్మానం కూడా చేయిస్తే గట్టిగా ఉంటది.

కలిగిరి_పద్మ:

సారా ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దగ్గరే. 1992లో సారా మీద ఆడోళ్ళు తిరగబడినప్పుడు మా అమ్మ కూడా పోయింది, సారా వేలం పాటలు జరగనీకుండా ఆపారు, 1993 అక్టోబర్ ఒకటి నుంచి సారా బంద్ అయింది. అంతా గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఇంకో మాట ఎవరూ చెప్పరు. మా నాయన అప్పటికే పొద్దున్నే చేతులు వణికేంత తాగేవాడు, కొట్టు మూశారు గానీ ఆయన వణుకు గురించి ఎవరూ అడగలా, మూడు రోజులకి పొరుగూరు నుంచి దొంగసారా వచ్చింది. మీ జిల్లాలోనే కురిచేడులో 2020లో లాక్‌డౌన్‌లో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు గదా, అదీ ఇంతే. సరుకు ఆపితే సరిపోదమ్మా, ఒళ్ళు అలవాటు పడ్డోడికి వైద్యం కావాల. మా డ్వాక్రా గ్రూపులో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నుండాయో మాకే తెలుసు, డాక్టరు కంటే ముందు. మీ ఊళ్ళో గ్రూపోళ్ళని కలుపుకో తల్లీ, ఒక్కదానివే పోబాక.

జీజీహెచ్_స్టాఫ్‌నర్స్:

అర్జీ సంగతి సరే, ముందు తమ్ముడి సంగతి చూడండి. ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు, ట్రమడాల్ ఎక్కువ డోసులో ఫిట్స్ తెస్తుంది, ఒక్కసారి ఆపితే మీరు చూసిందే జరుగుతుంది. సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్తే నెమ్మదిగా తగ్గిస్తారు, అవసరమైతే నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్ ఇస్తారు, అది ఒక మత్తు వదిలి ఇంకో మత్తు కాదు, బీపీ బిళ్ళలాగా వైద్యమే. ఇంకోటి అందరూ గుర్తు పెట్టుకోవాలి, సెంటర్లో నెల ఉండి వచ్చినోడికి ఒళ్ళు పాత డోసు తట్టుకోదు. బయటికొచ్చి మునుపటి లెక్కనే వేసుకుంటే ఊపిరి ఆగుతుంది, అందుకే ఆ మొదటి వారాల్లో ఇంటికొచ్చే మనిషి కావాలనేది. మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఫ్రీ. పోలీసులంటే భయపడకండి, 2018లో ట్రమడాల్ ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకి వచ్చిన మాట నిజమే కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది, అలవాటు పడినవాడు తనంతట తను ప్రభుత్వ గుర్తింపున్న చోట వైద్యానికి వస్తే వాడకం కేసు నుంచి రక్షణ ఉంటుంది.

చీమకుర్తి_అక్క:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. 14446కి చేశాను, ఒక అమ్మాయి ఇరవై నిమిషాలు మాట్లాడింది, నేనే ఎక్కువ ఏడ్చాను. తమ్ముడికి ఈ పోస్టు మొత్తం చదివి వినిపించా. బ్యుప్రెనార్ఫిన్ దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. రేపు ఓపీకి ఒంగోలు బస్సెక్కుతున్నాం. రవి గారూ, అర్జీ రాశాక ఇక్కడ పెడతా, తప్పులుంటే దిద్దండి. మా వీధి గ్రూపులో తొమ్మిది మంది సంతకం పెడతామన్నారు, వాళ్ళలో నలుగురు ఎందుకని అడగలేదు.