అప్‌డేట్: మా లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చేశాయి

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ లైబ్రరీకి, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు సరదాగా చదువుకునే తెలుగు పుస్తకాలు ఏం కొనాలని నెల క్రితం అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ పేరుపేరునా థ్యాంక్సండీ. 22 కొన్నాం.

అన్నిటికంటే ఎక్కువ చేతులు మారుతున్నది నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’. 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్సన్ ఇంగ్లీషు నవల ‘ట్రెజర్ ఐలాండ్’కి తెలుగు ఇది. ఓడలు, సముద్రపు దొంగలు, నిధి మ్యాపు! డాబా ఎక్కితే షిప్పులు కనిపించే ఊళ్లో పిల్లలకి ఇంకేం కావాలి?

మూడో అంతస్తులో టెన్త్ అబ్బాయి, “నాకు తెలుగు చదవడం స్లో ఆంటీ” అని తప్పించుకునేవాడు. మొదటి రెండు అధ్యాయాలు వాళ్ల తాతగారు పైకి చదివి వినిపించారట. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని ఆగలేక, మిగతాది కూడబలుక్కుంటూ తనే చదివేశాడు. పుస్తకం తిరిగొచ్చేసరికి పేజీల మధ్య బీచ్ ఇసుక, ఓ మూల మురీ మిక్చర్ నూనె మరక. కోపం రాలేదు సరికదా, కళ్లు చెమర్చాయి.

పరీక్షలకి పనికొచ్చేవి కొనొచ్చుగా అని ఒకరిద్దరు పేరెంట్స్ అన్నారు. వాటికి వేరే అర ఉంది, ఇది మాత్రం కథలకే అని గట్టిగా చెప్పాను.

ఇప్పుడు పిల్లలు దెయ్యాల కథలు, డిటెక్టివ్ నవలలు అడుగుతున్నారు. ఈసారి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వాళ్లనే తీసుకెళ్తున్నా. నచ్చినవి చూసి లిస్టు వాళ్లే రాస్తారు.