వాష్ ఏరియా గోడ టైల్స్: జాయింట్లలో ఏం నింపాలి, పైన సీలర్ కొట్టాలా?

బలగ కొత్తిల్లు: అందరికీ నమస్కారం. వంటగది వెనక వాషింగ్ మెషిన్ కోసం చిన్న గది కట్టాం, మూడు వైపులా ఐదడుగుల ఎత్తు దాకా 12×18 అంగుళాల గ్లేజ్డ్ టైల్స్ అంటించడం అయిపోయింది, జాయింట్లు మాత్రం ఇంకా నింపలేదు. వైట్ సిమెంట్ పూసేస్తే చాలని మేస్త్రి, ఎపాక్సీ అనే రెసిన్ మసాలా వేయించమని షాపువాళ్లు, ఏది వేసినా పైన నీళ్లు ఇంకకుండా ఆపే సీలర్ కొట్టించమని మా బావగారు. అమ్మ చీరలు ఇప్పటికీ బండ మీదే ఉతుకుతుంది, ఆ బండ కూడా అక్కడే ఉంది, అంటే సబ్బు నీళ్లు రోజూ గోడ మీద పడతాయి. మీ ఇళ్లలో ఏం వేశారు, ఏది నిలిచింది?

నరసన్నపేట టైల్స్ పని: తమ్ముడూ, గ్లేజ్డ్ టైల్ ముఖం మీద సీలర్ కొట్టడం దండగ. అది నీళ్లు పీల్చదు కాబట్టి సీలర్ పైపైనే ఎండి మసకేస్తుంది. నీళ్లు తాగేది జాయింటు. ఒట్టి వైట్ సిమెంట్ ఎండే కొద్దీ కుదించుకుపోయి సన్నటి పగుళ్లు తీస్తుంది, వాటిలో సర్ఫు నీళ్లూ బట్టల మురికీ చేరి నల్లబడుతుంది. పాలిమర్ కలిపిన గ్రౌట్ (జాయింట్లు నింపే మసాలా) ప్యాకెట్ వేరు, అది అడిగి తెచ్చుకో. ఇంతకీ టైలుకీ టైలుకీ మధ్య సందు వదిలారా, ఆనించేశారా? ఆనించేస్తే ఏ గ్రౌటూ లోపలికి దిగదు.

బలగ కొత్తిల్లు: స్పేసర్లు పెట్టారన్నా, 3 మిల్లీమీటర్లు.

కంటోన్మెంట్, విజయనగరం: అయితే ఎపాక్సీయే వేయించండి. ఖరీదు మామూలు గ్రౌట్ కంటే చాలా ఎక్కువే, కానీ మీది చిన్న గది. అది నీళ్లు పీల్చదు, దాని మీద సీలర్ అవసరమే రాదు. చేసేవాడికి చేయి తిరిగి ఉండాలి, అదొక్కటే టెన్షన్. రెసిన్, హార్డెనర్, పౌడర్ మూడూ కలిపాక మన ఎండలకు తొందరగా బిగుసుకుంటుంది, అందుకని కొంచెం కొంచెంగా కలపాలి. మా ఇంట్లో కుర్రాడు ఒక్కో చదరం నింపగానే స్పాంజి తడిపి, గట్టిగా పిండి, జాయింటుకు అడ్డంగా ఒక్కసారి లాగి, స్పాంజి తిప్పి మళ్లీ లాగేవాడు. జాయింటు పొడుగునా లాగితే లోపలి మసాలా లేచి వచ్చేస్తుందట. చివర్లో టైల్ మీద జిడ్డు పొర మిగులుతుంది, దాన్ని ఆ పూటే తుడిపించండి, గట్టిపడితే వదిలించడం చాలా కష్టం.

నరసన్నపేట టైల్స్ పని: మంచి చేయి దొరికితే ఎపాక్సీకి నేనూ ఓటేస్తాను. దొరక్కపోతే పాలిమర్ గ్రౌట్ నింపి, బాగా ఆరాక జాయింట్లకు మాత్రం లోపలికి ఇంకే రకం సీలర్ పట్టించు. ఎన్నాళ్లు ఆరాలో డబ్బా మీదే ఉంటుంది, చాలావాటి మీద కనీసం 3 రోజులని రాస్తారు, ముసురు పట్టి ఉంటే ఇంకా ఆగాలి. సన్నటి బ్రష్‌తో గీత వెంబడి రాసి, టైల్ మీదకు పారిందాన్ని ఆరకముందే పొడి గుడ్డతో తుడిచేయాలి. మర్నాడు జాయింటు మీద నీటి చుక్కలు వేసి చూడు. చుక్క ముత్యంలా నిలిస్తే సరే, ఇంకిపోయి జాయింటు రంగు ముదిరితే ఇంకో పూత.

సోంపేట: మాది సముద్రం పక్క, బోరు నీళ్లు ఉప్పు. మా వాష్ ఏరియాలో జాయింట్ల మీద తెల్లటి పొడి తేలుతూనే ఉంటుంది, ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది. సీలర్ కొడితే ఆగుతుందా?

కంటోన్మెంట్, విజయనగరం: ఇప్పుడే కొట్టకండి అక్కా. గోడలో తేమ ఉంటేనే ఉప్పు దాంతోపాటు బయటికొచ్చి, నీరు ఆరిపోయాక తెల్లగా మిగులుతుంది. ఆ తేమ ఎక్కడిదో ముందు చూడండి. కుళాయి పైపు లీకా, వెనక గోడ పగులా, నేల నుంచి ఎక్కుతోందా. తడి ఉండగా మూసేస్తే అది ఇంకోచోట తేలుతుంది.

పలాస: ఇది నిజం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గాలికి వాన నీరు మా పడమటి గోడకు బయటి నుంచి పట్టేసింది. లోపల జాయింట్లన్నీ చక్కగానే ఉన్నాయి, అయినా తర్వాత టైల్స్ కొడితే బోలుగా మోగాయి, కొన్ని ఊడి వచ్చాయి. బయటి ప్లాస్టరింగు పగుళ్లు పూడ్చి రంగు వేయించాకే లోపల కొత్త టైల్స్ పెట్టించాం. లోపలి సీలర్ వెనక నుంచి వచ్చే నీటిని ఆపలేదు.

బలగ కొత్తిల్లు: మరి మూలలు? గోడా గోడా కలిసే చోట కూడా గ్రౌటేనా?

నరసన్నపేట టైల్స్ పని: కాదు. గోడా గోడా కలిసే మూల, గోడా నేలా కలిసే గీత, సింకు అంచు, ఈ మూడు చోట్లా గ్రౌట్ పెట్టకుండా ఖాళీ వదిలి, రబ్బరులా ఉండే సిలికాన్ పేస్టు పెట్టించు. మెషిన్ స్పిన్ తిరిగినప్పుడు ఆ అదురుకు మూలల్లో గ్రౌట్ చీలిపోతుంది, సిలికాన్ సాగుతుంది. సందు పొడిగా ఉండాలి, రెండు పక్కలా టేపు అంటించి, సిలికాన్ పెట్టి, వేలితో ఒక్క ఊపున నున్నగా లాగి, తడి ఆరకముందే టేపు పీకేయాలి. బూజు పట్టని శానిటరీ రకం అడుగు. మరో సంగతి, ఆ బండ గ్రానైటా?

బలగ కొత్తిల్లు: అవునన్నా, టెక్కలి నీలం రాయి.

నరసన్నపేట టైల్స్ పని: అయితే దానికి సీలర్ కావాలి, గ్రానైట్ కొంచెమైనా నీళ్లు పీలుస్తుంది. దాని పక్కన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, న్యూట్రల్ అని రాసి ఉన్నది తీసుకో.

బొబ్బిలి: పని అయ్యాక టైల్స్ మీద సిమెంట్ మరకలు పోవడానికి మేస్త్రులు బాత్రూం యాసిడ్ కొట్టేస్తారు, ఒప్పుకోకండి. యాసిడ్ సిమెంట్ గ్రౌట్‌ను తినేస్తుంది, కొత్త జాయింట్లు గరుకుగా తేలిపోతాయి. అంతకంటే ముఖ్యం, బట్టల గదిలో బ్లీచింగ్ ఉంటుంది. యాసిడ్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అంత చిన్న గదిలో ప్రాణం మీదకొస్తుంది. రోజువారీ సబ్బు నీళ్లూ మెత్తటి బ్రష్షూ సరిపోతాయి.

బలగ కొత్తిల్లు: అందరికీ చాలా థాంక్స్. ఎపాక్సీ చేసే మనిషి విజయనగరంలో ఉన్నాడని కనుక్కున్నాను, అతను కుదిరితే అదే, లేకపోతే పాలిమర్ గ్రౌటూ సీలరూ. కుళాయి చుట్టూ టైల్‌కి కొట్టిన రంధ్రం కొంచెం పెద్దదైంది, అక్కడా సిలికానేనా?

నరసన్నపేట టైల్స్ పని: సిలికానే. పైనా పక్కలా నిండుగా పెట్టించి, కుళాయి ప్లేటు కింద వైపు మాత్రం కొంచెం సందు వదిలించు. లోపల పైపు ఎప్పుడైనా కారితే ఆ నీరు గోడలో ఉండిపోకుండా అక్కడి నుంచి బయటికి వచ్చి నీ కంట పడుతుంది.