నిఘా సంస్థలో ఇంటిదొంగ: పట్టిచ్చేది లెక్కలా, కొనుక్కున్న ఫైలా?

చిట్టాపద్దు (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు గానీ, బ్యాంకు చిట్టా పట్టగలదని నా వాదన. ఆల్డ్రిచ్ ఏమ్స్ కేసు చూడండి. అమెరికా విదేశీ నిఘా సంస్థ సీఐఏలో సోవియట్ వ్యవహారాల అధికారి. 1985 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయానికి తనంతట తానే వెళ్లి అమ్ముడుపోయాడు. అక్కడి నుంచి సోవియట్ యూనియన్‌లో అమెరికాకు రహస్యంగా పనిచేస్తున్నవారు ఒకరి తర్వాత ఒకరు దొరికిపోయారు. చాలామందిని కాల్చి చంపారు. కారణం వెతకడానికి 1986లో జీన్ వెర్టెఫే నాయకత్వంలో చిన్న బృందం ఏర్పడింది. చివరికి ఆ బృందంలోని శాండీ గ్రైమ్స్ 1992 ఆగస్టులో ఏమ్స్ ఎప్పుడు ఎక్కడున్నాడో తేదీలవారీగా రాసుకుంటూ, పక్కనే అతని బ్యాంకు డిపాజిట్లు పెట్టి చూసింది.

1985 మే 17న సోవియట్ దౌత్యవేత్త చువాఖిన్‌తో భోజనం. మే 18న 9,000 డాలర్ల డిపాజిట్.
జూలై 2న భోజనం. జూలై 5న 5,000.
జూలై 31న భోజనం. అదే రోజు 8,500.

ఈ మూడు వరుసల దగ్గరే అతని కథ ముగిసింది. 1994 ఫిబ్రవరి 21న జరిగిన అరెస్టు లాంఛనమే. ముప్పై ఏళ్లు ఆడిట్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నాను, మనిషి అబద్ధమాడతాడు, పద్దు ఆడదు.

దారినపోయేవాడు

ఏడాదికి 70,000 డాలర్లు కూడా రాని ఉద్యోగి 5,40,000 డాలర్ల ఇల్లు నగదుకు కొన్నాడు. జాగ్వార్ కారులో ఆఫీసుకు వచ్చాడు. దీన్ని గమనించడానికి తొమ్మిదేళ్లు పట్టిందా? గేటు దగ్గర నిలబడేవాడిని అడిగినా చెప్పేవాడు కదండీ.

రాత్రిపాళీ

చిట్టాపద్దు గారూ, మీకు అనుకూలమైన కేసు ఒకటి ఏరుకుని సూత్రం చేస్తున్నారు. రాబర్ట్ హాన్సెన్‌ను ఏ పద్దు పట్టింది? అమెరికా దేశీయ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఉంటూ 1979లో మొదలుపెట్టి, మధ్యలో ఆపుతూ మళ్లీ మొదలుపెడుతూ 2001 దాకా రష్యావాళ్లకు రహస్యాలు అమ్మాడు. అన్నీ కలిపి 14 లక్షల డాలర్లకు పైగా నగదు, వజ్రాలు ముట్టాయి. అతను జాగ్వార్ కొనలేదు. చివరికి ఎఫ్‌బీఐ ఏం చేసింది? సోవియట్ నిఘా సంస్థ కేజీబీ మాజీ అధికారి ఒకరికి 70 లక్షల డాలర్లిచ్చి ఫైలు కొనుక్కుంది. అందులో 1986 నాటి ఫోన్ సంభాషణ టేపు ఉంది, హాన్సెన్ రహస్య పత్రాలు చుట్టి పెట్టిన చెత్త సంచీ ఉంది. టేపు విన్న అధికారులకు గొంతు తెలిసిందిగా అనిపించింది. సంచీ మీద అతని వేలిముద్రలు దొరికాయి. అంటే, దొంగను పట్టింది డబ్బు పెట్టి కొన్న సరుకు. దర్యాప్తు బృందాల కృషి ఏళ్ల తరబడి వేరే మనిషి వెంట తిరిగింది. దాని గురించి తర్వాత రాస్తాను.

ఇక మీ మూడు వరుసలు. చువాఖిన్‌తో ఆ భోజనాలు రహస్యమేమీ కాదు. అతన్ని అమెరికా వైపు తిప్పుకునే ప్రయత్నంగా ఏమ్స్ పై అధికారుల అనుమతితోనే కలిశాడు. ఉద్యోగంలో భాగంగా ఒకరితో భోంచేసి, మర్నాడు బ్యాంకుకు వెళ్లిన ప్రతివాడూ ద్రోహేనా?

చిట్టాపద్దు

అనుమతి ఉందని నాకూ తెలుసు. అది అతను కప్పుకున్న దుప్పటి. కొన్ని భోజనాల తర్వాత నివేదికలు రాయడం మానేశాడు కూడా. ఇంతకీ నేను అడిగేది ఒక్కటే. జీతం రోజు కాదు, ఇల్లు అమ్మిన రోజు కాదు, సరిగ్గా ఆ భోజనాల వెనకే వేల డాలర్లు వచ్చి పడ్డాయి. ఒకసారి అయితే యాదృచ్ఛికం. మూడుసార్లా?

రాత్రిపాళీ

మూడుసార్లయినా అది అనుమానమే, రుజువు కాదు. రుజువు కోసం ఎఫ్‌బీఐ నెలల తరబడి శ్రమపడింది. రాత్రిపూట అతని ఇంటి ముందు చెత్తడబ్బాను అచ్చం అలాంటిదే మరొకటి పెట్టి మార్చేవారు, ఏరుకున్నాక అసలుది తెచ్చి యథాస్థానంలో పెట్టేవారు. 1993 సెప్టెంబరులో చించి పారేసిన పసుపు చీటీ ముక్కలు దొరికాయి. అతికిస్తే కొలంబియా రాజధాని బొగోటాలో కలుసుకోవడం గురించి రష్యావాళ్లకు రాసుకున్న చిత్తుప్రతి. అరెస్టుకు ఆధారం చెత్తబుట్టలో దొరికింది, మీ చిట్టాలో కాదు.

చిట్టాపద్దు

ఎవరి చెత్తబుట్ట వెతకాలో చెప్పింది ఎవరు సార్?

వానచినుకు

మరి డబ్బు తీసుకోనివారి సంగతేమిటి? అమెరికా రక్షణ నిఘా సంస్థ డీఐఏలో క్యూబా విశ్లేషకురాలు ఆనా మోంటెస్ పదహారేళ్లకు పైగా క్యూబాకు పనిచేసింది. నమ్మకం కొద్దీ చేసింది, ఖర్చులకు తప్ప పెద్దగా తీసుకోలేదు. 1994లో లై డిటెక్టర్ పరీక్ష కూడా నెగ్గింది. ఆమె ఖాతా ఎన్నిసార్లు తిరగేసినా ఏం దొరుకుతుంది?

చిట్టాపద్దు

వానచినుకు గారూ, అది వేరే చర్చ.

మల్లెతీగ

వేరే చర్చ కాదండీ, ఇదే చర్చ. మోంటెస్ విషయంలో ఆమె తోటి ఉద్యోగి ఒకరికి ఏదో తేడాగా అనిపించి 1996లోనే చెప్పాడు. భద్రతాధికారి స్కాట్ కార్మైకేల్ ఆమెను పిలిచి ప్రశ్నించాడు, పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఫైలు మూసేశాడు. 2000లో మరో కబురు వచ్చాకే మళ్లీ తెరిచాడు. మీరిద్దరూ పద్దులు గొప్పా, కొన్న ఫైళ్లు గొప్పా అని కొట్టుకుంటున్నారు. ప్రతి కేసులోనూ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ముందే తెలుసు.

ఏమ్స్ సంగతే చూడండి. అతని ఇల్లు, కర్టెన్లు, ఖర్చులు చూసి 1989లో డయానా వర్థెన్ అనే సహోద్యోగిని ఫిర్యాదు చేసింది. మూడేళ్ల తర్వాత గ్రైమ్స్ చేసిన పని అప్పుడే మొదలు కావలసింది. ఏం జరిగింది? లెక్కలు చూడవలసిన అధికారిని రెండు నెలల శిక్షణకు పంపారు. ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టలేదు. భార్య తరఫు కొలంబియావాళ్లు ధనవంతులట అన్న మాట విని ఊరుకున్నారు. హాన్సెన్ సంగతి ఇంకా ఘోరం. అతని సొంత బావమరిది, అతనూ ఎఫ్‌బీఐ ఉద్యోగే, 1990లో ఇంట్లో లెక్కకు అందని నగదు కనబడిందని పై అధికారికి చెప్పాడు. ఎవరూ కదల్లేదు.

ఇది నాకెందుకు పట్టిందంటే, నేను ఒక కార్యాలయంలో కొనుగోళ్ల విభాగంలో ఉండగా, టెండర్ల కవర్లు తెరవకముందే ధరలు బయటికి పోతున్నాయని రాతపూర్వకంగా చెప్పాను. ఎవరి మీద అనుమానమో కూడా రాశాను. ఆ కాగితం ఎవరి చేతిలో పడిందో, మర్నాటికి ఆ మనిషే నా బల్ల దగ్గరకు వచ్చి నవ్వుతూ పలకరించాడు. రెండు నెలల్లో నన్ను రికార్డు గదికి మార్చారు. గూఢచర్యం కాదు లెండి, చిన్న విషయమే. కానీ చెప్పినవాళ్లకు ఏం జరుగుతుందో చూసినవాళ్లెవరూ ఇంకోసారి నోరు తెరవరు.

రాత్రిపాళీ

మల్లెతీగ గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ పక్క బల్లవాడి అనుమానాన్ని అంత నమ్మకండి. ఇందాక చెబుతానన్నది ఇప్పుడు చెబుతాను.

హాన్సెన్ దొరకకముందు ఎఫ్‌బీఐ నమ్మిన ద్రోహి బ్రయన్ కెల్లీ అనే సీఐఏ అధికారి. ఇల్లు రహస్యంగా సోదా చేశారు. ఒక పార్కు పటం దొరికింది, దాని మీద గుర్తులు, సమయాలు. అవి అతను పరుగు తీసే దారి లెక్కలు. వాళ్లకు మాత్రం పత్రాలు దాచే చోట్లలా కనబడ్డాయి. లై డిటెక్టర్ పరీక్ష నెగ్గాడు. నెగ్గితే ఏమయింది? గుండె దిటవు గల గూఢచారి అన్నారు. తర్వాత ఒక అపరిచితుణ్ణి అతని తలుపు కొట్టించి, నీ గుట్టు బయటపడింది, పారిపో అని విదేశీ యాసలో చెప్పించారు. కెల్లీ మర్నాడే వెళ్లి ఆఫీసులో ఆ సంగతి నివేదించాడు. నిర్దోషి చేయవలసిన పని సరిగ్గా అదే. దాన్ని కూడా అతని జిత్తులమారితనం కింద రాసుకున్నారు. 1999లో ఎదురుగా కూర్చోబెట్టి ద్రోహివి నువ్వేనన్నారు, అతని పిల్లల్ని పిలిచి మీ నాన్న గూఢచారి అన్నారు. ఏడాదిన్నర ఇంట్లో కూర్చోబెట్టారు. ఈ కాలమంతా హాన్సెన్ ఉద్యోగం చేసుకుంటూనే ఉన్నాడు.

ఖాతా శుభ్రంగా ఉంటే తెలివిగా దాచాడంటారు, శుభ్రంగా లేకపోతే దొరికాడంటారు. దీన్ని దర్యాప్తు అంటారా?

చిట్టాపద్దు

కెల్లీ విషయంలో తప్పు జరిగింది, ఎవరు కాదన్నారు? ఒక తప్పు చూపించి, అసలు ఎవరినీ అనుమానించకూడదనడం ఏ న్యాయం? నా సర్వీసులో ఒకటి గమనించాను. లెక్కలు అడిగితే అభ్యంతరం లేనివాడు రెండు నిమిషాల్లో కాగితాలు తెచ్చి ఇస్తాడు. అడగడమే అవమానం అని గొంతు పెంచేవాడి దగ్గర ఏదో ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమెందుకో మరి.

దారినపోయేవాడు

ఆ చివరి మాట అవసరమా సార్?

నిర్వాహకుడు

విషయం మీద మాట్లాడండి, సభ్యుల మీద కాదు. ఇంకోసారి జరిగితే చర్చ మూసేస్తాను.

రాత్రిపాళీ

మూయకండి, జవాబు చెప్పనివ్వండి.

అవును, భుజాలు తడుముకున్నాను. నేను పనిచేసిన ఒక సంస్థలో వినియోగదారుల వివరాలు బయటికి పోయాయి. ఆ వారం రాత్రి షిఫ్టులో ఉన్నది నేను. చిట్టాపద్దు గారిలాంటి పెద్దమనిషి ఒకాయన ఎదురుగా కూర్చుని నా బ్యాంకు ఖాతా వివరాలు ముందేసుకుని, ఒక్కో జమ మీద పెన్సిలుతో గీత గీస్తూ అడిగాడు. ఇదెక్కడిది, ఇదెక్కడిది. అందులో ఒకటి మా చెల్లెలి పెళ్లికి మామయ్య పంపినది. మామయ్యకు ఫోన్ చేసి అడిగారు. డబ్బెందుకు పంపారని అడిగితే ఆయన ఏమనుకుని ఉంటాడు? మీరు చెప్పినట్టే కాగితాలన్నీ రెండు నిమిషాల్లో ఇచ్చాను. ఇంత సిద్ధంగా ఎందుకు పెట్టుకున్నావన్నాడు.

లీకయింది వేరే ఊరి కార్యాలయం నుంచి అని నాలుగు నెలలకు తేలింది. నాకు వచ్చిన ఉత్తరంలో 'మీపై విచారణ ముగిసినది' అన్న ఒక్క వాక్యం ఉంది. నిర్దోషి అన్న మాట కూడా రాయలేదు. మామయ్య ఇప్పటికీ పెళ్లిళ్లలో నా దగ్గర కూర్చోడు.

సాయంత్రపువేళ

దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం పేరిట అరెస్టు చేశారు. కేసులో పస లేదని 1996లో సీబీఐ తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మన్నది 2018లో.

చిట్టాపద్దు

రాత్రిపాళీ గారూ, మీకు జరిగింది నాకు తెలియదు. ఆ సామెత మీ మీద అని ఉండకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

నంబి నారాయణన్ గారి కేసులో ముందు కథ అల్లారు, తర్వాత మనిషిని ఇరికించారు. నేను చెప్పే పద్ధతికి అది పూర్తిగా ఎదురు. మన దేశం ఉదాహరణే కావాలంటే రబీందర్ సింగ్‌ను చూడండి. మన విదేశీ నిఘా సంస్థ 'రా'లో సంయుక్త కార్యదర్శి హోదా. తనకు సంబంధం లేని విషయాలు ఆరా తీస్తున్నాడని, కాగితాలు నకళ్లు తీస్తున్నాడని తోటివారికి అనుమానం వచ్చింది, నిఘా పెట్టారు. గట్టి రుజువు దొరకనివ్వండి అని ఆగారు. 2004 మే నెలలో అతను నేపాల్ మీదుగా అమెరికా వెళ్లిపోయాడు. ఇదీ మీరు కోరే ఓపిక.

ఇంకొకటి. ఏమ్స్ అమ్మినవారిలో దిమిత్రి పోల్యకోవ్ ఒకరు. సోవియట్ సైనిక నిఘా సంస్థలో జనరల్, మన ఢిల్లీలో కూడా పనిచేశాడు. 1988లో చంపేశారు. మీకు సగం ఉత్తరమైనా వచ్చింది. ఆయనకు ఎవరు ఉత్తరం రాస్తారు? అనుమానించి తప్పు చేస్తే ఒక మనిషి పరువు పోతుంది, అనుమానించక తప్పు చేస్తే ప్రాణాలు పోతాయి. నిఘా సంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నవాడు తన చిట్టా తెరిచి పెట్టడానికి కూడా ఒప్పుకున్నట్టే.

రాత్రిపాళీ

పోల్యకోవ్ పేరు హాన్సెన్ 1979లోనే అమ్మాడు. అప్పుడెవరి చిట్టా తెరిచారు? పాతికేళ్ల సర్వీసులో హాన్సెన్‌కు ఒక్కసారి కూడా లై డిటెక్టర్ పరీక్ష పెట్టలేదు. కెల్లీకి పెట్టారు. చిట్టా తెరవాలనే నియమం ఎప్పుడూ ఎవరో ఒకరికే వర్తిస్తుంది, అది నా అభ్యంతరం. అందరివీ తెరవండి, డైరెక్టరుది ముందు తెరవండి, నేను కిక్కురుమనను.

మల్లెతీగ

అందరివీ తెరుస్తారు సరే, చదివేదెవరు? వర్థెన్ చెప్పినది చదవవలసినవాడే శిక్షణకు వెళ్లాడు.

చిట్టాపద్దు

రాత్రిపాళీ గారూ, తప్పించుకోకుండా చెప్పండి. 1992 ఆగస్టులో గ్రైమ్స్ కుర్చీలో మీరున్నారు. ముందు ఆ మూడు వరుసలు ఉన్నాయి. ఏమ్స్ పేరు పైకి పంపుతారా, పంపరా?

రాత్రిపాళీ

పంపుతాను. పంపనని ఎప్పుడన్నాను? అతని ఫోను వినమంటాను, చెత్త వెతకమంటాను. అతని ఇంట్లోవాళ్లను పిలిచి కూర్చోబెట్టడానికి మాత్రం ఆ మూడు వరుసలు చాలవంటాను.

చిట్టాపద్దు

ఇంట్లోవాళ్లను వదిలేస్తే ఎలా? ఏమ్స్ భార్యకు అంతా తెలుసు. అయిదేళ్లకు పైగా శిక్ష పడింది ఆమెకు.

రాత్రిపాళీ

ఆమెకు తెలుసన్నది ఫోన్లు విన్నాక తెలిసింది, ఆ తర్వాతే ఆమె జోలికి వెళ్లారు. కెల్లీ ఇంట్లో వెతికి, మనుషుల్ని వెంట తిప్పి, ఏమీ దొరక్క, అప్పుడు పిల్లల్ని పిలిచారు. మీ పద్ధతిలో ఈ రెండింటికీ తేడా ఎక్కడ రాసి ఉందో చూపించండి.