కొత్త పాతల మేలు కలయిక... తర్వాత "జిమ్మగా"నా, "చిమ్మగా"నా?

(ఎవరి ఊరి పేరు వాళ్ల పేరుగా)

నరసాపురం: రాత్రి మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందం వాళ్ల 1973 ఆల్బమ్ 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' మళ్లీ పెట్టుకున్నాను. ముందు గాంగ్ మోత, దాని మీద గిటారు, ఆపైన ఫిడేలు ఎక్కేసరికి గురజాడవారి 'ముత్యాల సరములు'లోని "కొత్త పాతల మేలు కలయిక" నోట్లోకి వచ్చేసింది. తర్వాతి పాదం దగ్గర ఇరుక్కుపోయాను. క్రొమ్మెరుంగులు (కొత్త మెరుపులు) "జిమ్మగా"నా, "చిమ్మగా"నా?

అమలాపురం: జిమ్మగా. సందేహమే లేదు.

రాజోలు: సూత్రం చెప్పండి మాస్టారూ. "మెరుంగులఁ జిమ్మగా" అని అరసున్న ఉంటే ద్రుతం (చివరి నకారం) మీద "చ" కాస్తా "జ" అనే సరళం అయిందనుకోవచ్చు, గణమూ చెడదు. కానీ మనందరం "మెరుంగులు" అనే కదా చదువుతాం! ప్రథమా విభక్తి మీది పరుషాలకు, అంటే క చ ట త పలకు, గ స డ ద వలు వస్తాయి. 'బాలవ్యాకరణం' రాసిన చిన్నయసూరి లెక్కన "సిమ్మగా" అవ్వాలి. అలా ఎవరైనా అన్నారా?

అమలాపురం: ఆ సూత్రంలోనే "బహుళంబుగా" అని ఉంది, అది వదిలేశారు. అయినా ఇక్కడ సంధి దేనికండీ? విరజిమ్ము అంటాం, విరచిమ్ము అనం. ఆ జిమ్మే ఇది.

రాజోలు: అది సమాసం. వెదజల్లు కూడా అంతే. విడిగా ఉన్నప్పుడు చల్లడమే.

అమలాపురం: మా ఇంట్లో పొద్దున్నే వాకిట్లో కళ్లాపి జల్లుతారండీ. చల్లరు.

పాలకొల్లు: వ్యాకరణం కాసేపు పక్కన పెట్టండి. తకిట తకధిమి వేసి చూడండి. కొత్త, పాతల, మేలు, కలయిక. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. చివరి పాదం క్రొమ్మె, రుంగులు, జిమ్మ, గా. "గా" తర్వాత రెండు మాత్రలు ఖాళీ. ఆ ఖాళీలోకి దిగే ముందు దెబ్బ బరువుగా పడాలి, "చి" అంటే తేలిపోతుంది. గురజాడవారు చెవితో రాశారు, సూత్రంతో కాదు. ఇంకో మాట. మీరు విన్న ఆ మొదటి పాట ఆవృతం 18 దెబ్బలు, ముత్యాలసరం పాదం 14 మాత్రలు. ఇది నోట్లోకి ఎలా వచ్చిందో!

నరసాపురం: నడకను బట్టి కాదండీ, అర్థాన్ని బట్టి. రాక్ హోరు, జాజ్ మనోధర్మం, మధ్యలో మూగ్ సింథసైజర్ అనే కరెంటు కీబోర్డు. వాయించినవాళ్లు చూస్తే గిటారు మెక్‌లాఫ్లిన్‌ది ఇంగ్లండ్, కోబమ్ పుట్టింది పనామాలో, హామర్‌ది ప్రేగ్, లెయిర్డ్‌ది డబ్లిన్, గుడ్‌మన్‌ది అమెరికా.

రాజోలు: ఆ డ్రమ్స్ మోతలో మేలెక్కడుందండీ! అన్నట్టు "మేలి కలయిక" అని కూడా విన్నాను.

అమలాపురం: మేలే. కొత్తలో మేలు, పాతలో మేలు, ఆ రెంటి కలయిక. "మేలి" అంటే ఒట్టి విశేషణమై చప్పబడిపోతుంది.

పాలకొల్లు: మెక్‌లాఫ్లిన్ పేరెత్తాక మా ఊరి మాట రాకుండా ఎలా? మాండలిన్ శ్రీనివాస్‌గారు 1969లో ఇక్కడే పుట్టారు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించి, 'రిమెంబర్ శక్తి' బృందంలో అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. త్యాగరాజస్వామి పాత, కరెంటు తీగ కొత్త. గురజాడవారి పాదానికి ఇంతకంటే వ్యాఖ్యానం ఏముంటుంది?

రాజోలు: శ్రీనివాస్‌గారి మీద గౌరవం గౌరవమే. "జి" సంగతి తేల్చండి. 1910లో తోకచుక్క వచ్చిన ఏటి గేయం ఇది. తొలి అచ్చు చూసినవాళ్లెవరైనా ఉన్నారా?

అమలాపురం: చూపించినా అచ్చుతప్పంటారు మీరు.

భీమవరం: మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఆ ఆల్బమ్‌లో ముందు ఏది వినాలి?

పాలకొల్లు: 'వన్ వర్డ్'. పది నిమిషాలుంటుంది. మధ్యలో గిటారు, ఫిడేలు, మూగ్ ఒకరి మాట ఒకరు లాక్కుంటారు, అచ్చం మన రాజోలు, అమలాపురం లాగే.

రాజోలు: నన్ను ఏ వాయిద్యం చేసినా సరే, ప్రథమ మీద సరళం రాదు.