అచ్చోసిన ఆంబోతు, వాత పడని దూడ

నిన్న ఒకరు అడిగారు: ఇంగ్లీషులోని 'మావెరిక్' అనే మాటను 'అచ్చోసిన ఆంబోతు' అని తెలుగు చేయవచ్చా అని. రెండూ పశువుల నుంచి పుట్టిన మాటలే. రెండూ ఎవరి మాటా వినని మనిషి గురించి చెప్పేవే. అయినా నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే పుట్టుకలో ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులు.

మన ఆంబోతు సంగతి పెద్దవాళ్లకు తెలుసు. పోయినవారి పేర కోడెను వదిలేటప్పుడు త్రిశూలమో చక్రమో కాల్చి అచ్చు వేసేవారు. ఆ అచ్చు పడ్డాక అది ఎవరిదీ కాదు. కాడికి కట్టకూడదు, చేలో పడినా కొట్టకూడదు. అంటే అచ్చు పడితేనే దానికి స్వేచ్ఛ.

అమెరికాలోని టెక్సస్‌లో వాత పడని పశువుకే స్వేచ్ఛ. శామ్యూల్ మావెరిక్ శాన్ ఆంటోనియో లాయరు, 1836లో టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవారిలో ఒకడు. 1847లో ఒక బాకీ కింద 400 పశువులు ఆయనకు వచ్చాయి. ఆయన ధ్యాసంతా భూముల మీదే, మందను పట్టించుకోలేదు. చాలా దూడలు వాతల్లేకుండానే పెరిగి చెదిరిపోయాయి. గుర్తు లేని దూడ కనిపిస్తే చుట్టుపక్కలవాళ్లు 'అది మావెరిక్‌ది' అనేవారు. పోనుపోను అలాంటి ప్రతి దూడా 'మావెరిక్' అయింది.

ఆ మాట అమెరికాలోనే ఉత్తరాన ఉన్న వయోమింగ్ చేరేసరికి దాని వెనక తుపాకులు వచ్చాయి. జాన్సన్ కౌంటీలోని బఫలో ఊరి చుట్టూ కంచెల్లేని మేత బీళ్లు. అందరి పశువులూ కలిసే మేసేవి. మందలను ఒకచోటికి తోలి, తల్లి మీద ఏ వాత ఉంటే దూడకూ అదే వేసేవారు. మరి తల్లి కనబడని దూడ ఎవరిది? 1884 చట్టం ప్రకారం అది పెద్ద ఆసాముల సంఘానిది, వయోమింగ్ స్టాక్ గ్రోయర్స్ అసోసియేషన్‌ది. దాన్ని వేలం వేసి, ఆ డబ్బు సంఘం ఇన్‌స్పెక్టర్ల జీతాలకు వాడేవారు. అంతకుముందు అలాంటి దూడలకు తమ యజమాని గుర్తున్న వాత వేసినందుకు కౌబాయ్‌లకు (మందలు కాసే కూలీలకు) డబ్బులిచ్చేవారు. అదే కౌబాయ్ ఇప్పుడు తన వాత వేసుకుంటే దొంగ!

1892లో చిన్న రైతులు సంఘం కన్నా ముందే తమ మందలు తామే తోలుకుంటామని ప్రకటించారు. దానికి నాయకుడు నేట్ ఛాంపియన్. ఏప్రిల్ 9న పెద్ద ఆసాములు టెక్సస్ నుంచి తెచ్చుకున్న తుపాకీవాళ్లతో వచ్చి, కేసీ రాంచ్ (పశువుల్ని పెంచే స్థలం) గుడిసెలో ఉన్న ఛాంపియన్‌నూ నిక్ రేనూ చంపేశారు. ఛాంపియన్ ముట్టడిలో ఉండి కూడా జరుగుతున్నదంతా ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కబురు తెలిసి షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) రెడ్ ఆంగస్‌తో బఫలో జనం కదిలి, టీఏ రాంచ్‌లో ఆ ముఠాను చుట్టుముట్టారు. 13న సైన్యం వచ్చి ముఠాను కాపాడింది. ఒక్కరికీ శిక్ష పడలేదు.

భాషకు సంబంధించి ఒక ముచ్చట. కేసీ అనేది ఆ రాంచ్ వాత, కె, సి అక్షరాలు. ఈనాడు అక్కడున్న ఊరి పేరు కూడా కేసీయే. వాతలను చదవడానికి అక్కడ ఒక పద్ధతే ఉంది: అక్షరాన్ని పక్కకు పడుకోబెడితే 'లేజీ', రెక్కలు తగిలిస్తే 'ఫ్లయింగ్'.

*

ఈ రాత కింద వ్యాఖ్యల్లో ఒకరు, 'మావెరిక్'కు 'ఒంటెత్తు పోకడ' సరిపోదా అన్నారు. దగ్గరగానే ఉంది, కానీ అందులో మందలింపు ఉంది. మనవన్నీ అలాగే కనిపిస్తాయి. మనకు పశువు అంటే కాడి కింద జోడు, పక్కనే పంట చేను. విడిగా తిరిగేది ఎవరి చేనో మేస్తుంది. బీళ్లలో ఆ బాధ లేదు కాబట్టే కావచ్చు, 'మావెరిక్'లో మెచ్చుకోలు కూడా చేరింది.

అందుకే నా ఓటు 'వాత పడని మనిషి'కి. తెలుగులో వాత అంటే కాల్చిన గుర్తే కాదు, శిక్ష కూడా. ఆ రెండో అర్థం ఇక్కడ కలిసొస్తుంది. పత్రికలో ఒక్క మాటే కావాలంటే 'మావెరిక్' అనే రాయండి, 'ఆంబోతు' మాత్రం వద్దు.

మీ వైపు పశువులకు, గొర్రెలకు వేసే గుర్తును ఏమంటారు? వాతా, అచ్చా, చెవి కోతా? ఊరి పేరుతో సహా రాయండి.