ఎంత మేసినా ఒళ్లు పట్టని నాటు కోళ్లు: నట్టల మందు వేసినా తేడా లేదు

ప్రశ్న: నమస్కారమండి. మా పెరట్లో 18 నాటు కోళ్లున్నాయి. పొద్దున వదిలితే పెంటకుప్ప, పశువుల కొట్టం చుట్టూ తిరిగి మేస్తాయి. సాయంత్రం నూకలు వేస్తాను. నెల రోజులుగా పెట్టల్ని పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతోంది. తురాయిలు పాలిపోయాయి, గుడ్లు తగ్గాయి. మందుల షాపులో పైపెరజైన్ అనే నట్టల మందు ఇస్తే నీళ్లలో కలిపి తాగించాను. ఇరవై రోజులైనా గుణం లేదు. ఇంకాస్త ఎక్కువ వేయమంటారా?

జవాబు: వద్దు అక్కా. రేపు గంప ఎత్తగానే తాజా రెట్ట చూడండి. తెల్లగా బియ్యపు గింజల్లాంటివి ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు: ఉన్నాయండి! నూకలు అరగక పడుతున్నాయనుకున్నాను.

జవాబు: అవి బద్దె పురుగు తునకలు. తాజా రెట్టలో మెల్లగా కదులుతాయి కూడా. పైపెరజైన్ ఏలిక పాముల్ని పడగొడుతుంది గానీ బద్దె పురుగు మీద పనిచేయదు, ఎంత పోసినా అంతే. దీనికి ప్రాజిక్వాంటెల్ లాంటి మందు కావాలి. ఒకట్రెండు కోళ్లను తూకం వేసి, ఆ బరువు చెప్పి పశువైద్యుణ్ణి మోతాదు అడగండి. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా తప్పక అడగండి, ఇంట్లో పసిపిల్లలుంటే మరీను. ఇంకో సంగతి. ఈ పురుగు కోడి నుంచి కోడికి నేరుగా రాదు. రెట్టలోని పురుగు గుడ్లను చీమలు, పేడపురుగులు, ఈగలు తింటాయి, వాటిని కోళ్లు ఏరుకు తింటాయి. పెంటకుప్పను కోళ్లకు అందకుండా మార్చకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

మరొకరు: అన్నా, మా నాలుగు వారాల కోడిపిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకు కూర్చుంటున్నాయి. రెట్టలో రక్తం పడుతోంది. ఇదే మందు వేయనా?

జవాబు: వేయొద్దు తమ్ముడూ, అది నట్టలు కాదు, రక్తపారుడు. కంటికి కనిపించని కాక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. తడి ఊకలో ఒకట్రెండు రోజుల్లోనే ముదిరి అంటుకుంటుంది. పోయిన వానాకాలం నేను నట్టల మందు వేస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను, పదకొండు పిల్లలు పోయాయి. ఇప్పటికీ బాధే. దీనికి ఆంప్రోలియం వాడతారు, ఆలస్యం చేయకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి అడుగు. ఈలోగా తడి ఊకంతా తీసేసి పొడిది పరువు.

మరొకరు: ఊక ఇప్పుడే తీస్తున్నానన్నా. రక్తం పడ్డవాటిని వేరే గంపలో పెట్టాను.